బకెట్‌ని కొలిచి పొలానికి తీర్పు చెబుతామా?

పొలం మట్టిలో కాడ్మియం, జింకు లాంటి భార లోహాలు ఎంతున్నాయో చెప్పే ల్యాబ్ రిపోర్టును రైతులు ఫొటో తీసి నాకు పంపుతారు. కింద ఒకటే ప్రశ్న: "ఇందులో పండించుకోవచ్చా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి." నేను తిరిగి అడిగేవి మూడు. మట్టి ఎక్కడెక్కడ తీశారు? దేంతో తీశారు? పీహెచ్ (7 కంటే తగ్గేకొద్దీ మట్టిలో ఆమ్ల గుణం ఎక్కువని చెప్పే అంకె) ఎంత? చాలాసార్లు మూడింటికీ జవాబుండదు. ఇక నన్నేం చెప్పమంటారు?

ఆమధ్య ఒక పెద్దాయన పంపిన రిపోర్టులో జింకు విపరీతంగా కనిపించింది. ఆరా తీస్తే మట్టి కలిపింది జింకు పూత పెచ్చులూడుతున్న పాత బకెట్‌లో! ల్యాబ్ తప్పేం చేయలేదు, బకెట్‌ని చక్కగా కొలిచింది. పాపం ఆయన టెన్షన్‌తో వారం రోజులు నిద్రపోలేదు. ప్లాస్టిక్ బకెట్, చెక్క గరిటె చాలండీ. పొలమంతా వంకరటింకరగా నడుస్తూ పదిహేను ఇరవై చోట్ల, పైనుంచి 15-20 సెంటీమీటర్ల లోతు వరకు తీసి కలపాలి. నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు ఉంచుకుని మిగతావి పారేయాలి. కావాల్సినంత మిగిలేదాకా మళ్ళీ అదే పని. గట్టు పక్కది, రోడ్డు వారది అందులో కలపొద్దు. అనుమానం అక్కడే ఉంటే దాన్ని విడిగా పంపండి.

సరే, మట్టి బాగానే తీశారు. ల్యాబ్‌లో ఘాటైన ఆమ్లాల్లో మరిగించి ఇచ్చే అంకె మట్టిలోని దాదాపు మొత్తం లోహానిది. వేరు ఆమ్లంలో మరిగించుకుని తాగదు కదా! దానికి అందే భాగం ఎంతో ఒక అంచనా కావాలంటే డీటీపీఏ లాంటి తేలికపాటి ద్రావణంతో తీసి చూడాలి. కాడ్మియం ఒకే మోతాదులో ఉన్న రెండు పొలాలు తీసుకోండి. పీహెచ్ 7.5 ఉన్నచోట అది చాలావరకు మట్టినే అంటిపెట్టుకుంటుంది. 5 ఉన్నచోట తేలిగ్గా కదిలి మొక్కలోకి ఎక్కుతుంది. వరిలో ఇంకో తిరకాసు. నీళ్ళు నిలబెడితే గింజలో కాడ్మియం తగ్గుతుంది, ఆర్సెనిక్ పెరుగుతుంది. ఆరబెడితే సీను రివర్స్. రెండూ ఉన్న పొలానికి ఒక్క ముక్కలో ఏం చెప్పాలి?

ఇక కాలుష్యం ఎంతో ఒక్క అంకెలో లెక్కగట్టే సూచికల మోజు. 1969లో జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ ఇచ్చిన సూచికను ఇప్పుడు ప్రతి నేలకూ తగిలిస్తున్నారు. అసలది నీటి అడుగున పేరుకునే మట్టి కోసం పుట్టింది. ఆ లెక్కలో, పోల్చి చూడటానికి, ఆ నేలకు సహజంగా ఉండే లోహం ఎంతో వేయాలి. సర్పెంటైన్ రాళ్ళ నుంచి వచ్చిన నేలల్లో ఎవరూ ఏమీ పారబోయకపోయినా నికెల్, క్రోమియం దండిగా ఉంటాయి. అక్కడ ఎక్కడిదో ప్రపంచ సగటు తెచ్చి వేస్తే పుట్టు గుణం కాస్తా కాలుష్యం అయిపోతుంది.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. జపాన్‌లో జింజూ నది నీళ్ళతో గని కాడ్మియం వరి పొలాల్లోకి చేరి, ఎముకలు విరిగిపోయే ఇటాయి-ఇటాయి జబ్బు తెచ్చింది. దానికి కారణం కాలుష్యమేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది.

బకెట్ పెద్దాయన మళ్ళీ మట్టి తీశారు. జింకు మామూలుకొచ్చింది. కాడ్మియం మాత్రం కాస్త ఎక్కువే ఉంది, మొదటి రిపోర్టులోనూ ఉంది. జింకు గోలలో పడి నాతో సహా ఎవరూ ఆ వరుస చూడలేదు. ఈసారి గింజలు కూడా పరీక్షకు పంపాం.