డెంగీలో ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూస్తే ఎలా?

ఎవరికి డెంగీ వచ్చిందన్నా పలకరించడానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే. లక్షా ఇరవై వేలంటే ఊపిరి పీల్చుకుంటారు, నలభై వేలంటే దాతలు కావాలంటూ వాట్సాప్ గ్రూపులన్నిటికీ మెసేజ్ వెళ్లిపోతుంది. మా తమ్ముడికి వచ్చినప్పుడు నేనూ అంతే, రోజుకు రెండుసార్లు సీబీపీ (రక్తకణాల లెక్క తీసే పరీక్ష) చేయించి ఆ ఒక్క అంకె చూసుకుని టెన్షన్ పడ్డాను తప్ప, అదే కాగితం మీదున్న పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) వంక కన్నెత్తి చూడలేదు.

చూడాల్సింది దాన్ని. డెంగీ ముదిరితే సన్నటి రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటకు కారిపోతుంది, రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే. పైగా ఇది మొదలయ్యేది జ్వరం దిగే వేళకి, అంటే మూడు నుంచి ఏడో రోజు మధ్య ఒకటి రెండు రోజులు. "హమ్మయ్య, తగ్గింది" అని మనం డ్యూటీకి బయల్దేరేదీ అప్పుడే! కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తస్రావం లేనప్పుడు, ప్లేట్‌లెట్లు 10 వేల కంటే తగ్గితే తప్ప మామూలుగా ఎక్కించే పని ఉండదు. వైరస్‌ను చంపే మందు లేదు, పారాసిటమాల్, ఓఆర్ఎస్, మజ్జిగ, అవసరమైతే కొలిచి ఎక్కించే సెలైన్, వైద్యం అంతే. ఒళ్లునొప్పులకని వేయించుకునే డైక్లోఫెనాక్ సూది, బ్రూఫెన్, ఆస్పిరిన్ మాత్రం రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఇక బొప్పాయాకు రసం... అసలే వాంతులవుతున్న మనిషికి ఆ చేదు పట్టించి ఏం సాధిస్తామో నాకైతే అర్థం కాదు. పరీక్ష విషయానికొస్తే మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ను పట్టే రక్తపరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్ష). ఒకసారి వచ్చిపోయింది కదా అని ధీమా పడొద్దు, ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, రెండోసారి వేరే రకం సోకితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ.

దోమల దగ్గరా మన చూపు పక్కకే. మురిక్కాలువను తిట్టుకుంటాం, ఫాగింగ్ బండి రాలేదని కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తాం, డెంగీ దోమేమో మన ఇంట్లో మంచినీళ్లలోనే పుట్టి, మంచాల కింద, హ్యాంగర్ల మీది బట్టల చాటున దాక్కుని పగటిపూట కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. డ్రమ్ము వంచేసినా లాభం లేదు, అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, పీచుతో గట్టిగా రుద్దాల్సిందే.

మా వీధిలో పొగ వదిలి వెళ్లిన సాయంత్రమే ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూశాను. వేలెడు లోతు నీళ్లలో తల కిందికి వేలాడుతూ లార్వాలు, వేలు పెట్టగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారుకున్నాయి. అక్కడో ట్రే ఉంటుందని తమ్ముడు మంచం పట్టేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.