విల్లు లేకపోతే మార్కులు లేవా?

ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం జరిపిన ఆగస్టు 15 వేడుకలో వేషధారణ పోటీకి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది అల్లూరి సీతారామరాజులే. వాళ్ళ మధ్య కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని, ఉత్త చేతులతో ఒక పిల్లవాడు నిలబడ్డాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు మైకులోనే "విల్లు మర్చిపోయావా నాన్నా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. "నేను దుగ్గిరాల గోపాలకృష్ణయ్యను" అని వాడు చెప్పేలోపే తర్వాతి పేరు పిలిచేశారు. మార్కుల కాగితంలో సామగ్రి గడిలో సున్నా పడింది.

సీతారామరాజు మీద ఎవరికీ చిన్నచూపు లేదు. అయితే ఆయన్నైనా సరిగ్గా చూపిస్తున్నామా? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయారు ఆయన మనుషులు. ఏం తీసుకెళ్ళారో స్టేషను పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టారంటే ఆ మనిషి నిబ్బరం ఎలాంటిదో చూడండి. ఆ కొండల్లో పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం, కూలి ఎగ్గొట్టి రోడ్డు పనులు చేయించిన తహసీల్దారు లేకపోతే ఆ తిరుగుబాటే లేదు. మన వేదిక మీద ఇవేవీ ఉండవు, అట్టముక్క విల్లు ఒక్కటే ఉంటుంది.

ఇక ఆ పిల్లవాడి దుగ్గిరాల. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, తిరిగొచ్చి కాషాయం కట్టి, చీరాల-పేరాల పన్ను పోరాటం నడిపిన మనిషి. పరాయి దేశంలో చదువుకున్న తెలుగువాళ్ళం మనకు ఆయన కంటే దగ్గరివాడెవరు? అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల గ్రామాలను ప్రభుత్వం కలిపి మునిసిపాలిటీ చేసింది. జనాభా పదిహేను వేలు, చాలామంది నేతగాళ్ళు. ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. లెక్క వేయండి. అయిదుగురున్న ఇంటికి రూపాయి అయిదణాలు పోయి పదమూడు రూపాయల అయిదణాలు. మగ్గం గుంటలో కూర్చుని పొట్టపోసుకునే ఇంటికి అది మామూలు బరువు కాదు.

జనం పన్ను కట్టేది లేదన్నారు. జైళ్ళకు వెళ్ళారు. రావూరి అలమేలమ్మ వంటి స్త్రీ కూడా వెళ్ళింది. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చూపారు: శాంతంగా పన్ను నిరాకరించి కష్టాలు పడడం, లేదా ఊరే ఖాళీ చేయడం. దుగ్గిరాల రెండోది ఎంచుకున్నారు. అందులో చట్టం తెలిసినవాడి చమత్కారం ఉంది. మునిసిపాలిటీ పన్ను హద్దుల్లోపల ఉన్నవాళ్ళకే కదా! హద్దు దాటి పందిళ్ళు, పాకలు వేసుకుంటే వసూలు గుమాస్తా ఎవరి తలుపు తడతాడు? నడివేసవిలో పదమూడు వేలమంది దాకా గొడ్డూ గోదా, మగ్గాలు, వంటసామాను మోసుకుని బయటికి నడిచారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు. కట్టుబాటు చూడడానికి రామదండు ఉంది. వెయ్యిమంది దాకా వాలంటీర్లు, వాళ్ళదీ కాషాయమూ రుద్రాక్షలే. బెజవాడ సమావేశంలో జనాన్ని అదుపులో పెట్టింది వీళ్ళే.

పదకొండు నెలలు నిలిచారు. ఎందుకు తిరిగి వెళ్ళారన్నది కూడా పిల్లలకు చెప్పాల్సిందే. దండు, చందాలు, ధైర్యం అన్నీ ఒక్క మనిషి చుట్టూ తిరిగాయి. బరంపురంలో ఉపన్యసించకూడదన్న ఉత్తర్వును ధిక్కరించినందుకు ఆయన్ని పట్టుకుని ఏడాది తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. రామనగరంలో డబ్బు తరిగిపోయింది, పాకల్లో ఎండావానా పడ్డ సంసారాలు ఒక్కొక్కటే ఇళ్ళకు మళ్ళాయి. ఆయన 1928లో క్షయతో పోయారు, నలభై కూడా నిండలేదు. ఓడిన పోరాటం కాబట్టే మనవాళ్ళు దీన్ని వేదిక ఎక్కించరని నా అనుమానం. గెలుపు దొరికితే డప్పు కొడతాం, లేకపోతే పక్కన పెడతాం. ఈ అలవాటు ఊరి నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నదే.

సాంస్కృతిక కమిటీ పెద్దలకు ఒక్క మనవి. చీరాల-పేరాల నాటికకు ఎనిమిది నిమిషాలు చాలు. వేదిక మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి, అదే మునిసిపల్ హద్దు. ఇటు నుంచి అటు కుండ, చాప, రాట్నం మోసుకుంటూ పిల్లలు దాటాలి. పన్ను పుస్తకం పట్టుకున్న గుమాస్తా గీత దగ్గర ఆగిపోవాలి. గీత వెడల్పంతా ఖాళీగా వదలండి, సామాను ముందే పేర్చితే వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు అది కనబడదు. గుమాస్తా వేషం బాగా మాట్లాడే పిల్లకివ్వండి, నవ్వులన్నీ అక్కడే పుడతాయి.

వేషధారణ పోటీ ఉంచండి, కానీ మార్కుల కాగితం మార్చండి. వేషానికి సగం చాలు. మిగతా సగం మూడు ప్రశ్నలకు: ఏ పన్నును, ఏ చట్టాన్ని ఎదిరించారు? ఏం చేశారు? చివరికి ఏమైంది? దరఖాస్తులో పాత్ర పేరు పక్కన ఊరూ, ఏడాదీ రాసే గడి ఒకటి పెడితే న్యాయనిర్ణేతలు ముందే చదువుకుని వస్తారు. ఈ ఏడాది కాగితాలు కమిటీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, ఆ సున్నాను దిద్ది ఆ ఇంటికి ఒక ఫోను చేయడం కూడా పెద్ద పనేం కాదు.