కొసరు కారు

2025 ఆగస్టులో 599 మంది శ్రీమంతులకు ఘోరమైన అన్యాయం జరిగింది. ఒక్క పేపరూ వాళ్ళ ఇంటికెళ్ళి పలకరించిన పాపాన పోలేదు. డేటోనా ఎస్‌పీ3 కార్లు 599 మాత్రమే చేస్తామని ఫెరారీ కంపెనీ మాటిచ్చింది. ఒక్కొక్కటీ సుమారు 20 లక్షల యూరోలు, అదీ తాను ఏరికోరి పిలిచినవాళ్ళకే. అందరూ డబ్బు కట్టేశాక తీరిగ్గా ఇంకోటి చేసి, కాలిఫోర్నియాలో మాంటెరే వేలంలో పెట్టింది. ఎందుకయ్యా అంటే పిల్లల చదువుల కోసమట. నిన్నటిదాకా 599 మందిలో ఒకడిగా తలెత్తుకు తిరిగిన మనిషి, తెల్లారేసరికి 600 మందిలో ఒకడైపోయాడు. పోనీ నిలదీద్దామా అంటే అవతల పసిపిల్లలు. నోరెత్తితే పాపం చుట్టుకుంటుంది.

అసలీ కంపెనీ కార్ల అంకెలు చూడండి. ఎంజో అనే కారు 399, లాఫెరారీ 499, డేటోనా 599. ఎక్కడో చూసినట్టు లేదూ? బాటా షాపులో. 399 రూపాయల జోడు కొని నాలుగు వందలిచ్చాక, మా నాన్న ఆ మిగిలిన రూపాయి చేతిలో పడేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. గిరాకీ కంటే ఒక్క కారు తక్కువే చెయ్యాలన్నది కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ సూత్రమని చెబుతారు. ఆయన దాచిన ఆ రూపాయి కూడా ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుంది. కాకపోతే నాన్నలా కౌంటర్ దగ్గర నిలబడితే రాదు, ఏదో ఒక ఉపద్రవం రావాలి.

ఎంజో కార్లు మొదట 349 అన్నారు. కొనేవాళ్ళు ఎగబడితే 399 చేశారు. ఆ యాభై కార్లకు ఏ కారణమూ అక్కర్లేకపోయింది. 400వ దానికి మాత్రం సునామీ కావాల్సొచ్చింది. 2004 డిసెంబరులో మన కోస్తాను కూడా కొట్టిన సునామీయే. ఆ కారును వాటికన్‌కు కానుకగా ఇచ్చారు, 2005లో వేలం వేస్తే 9.5 లక్షల యూరోలు వచ్చాయి, ఆ డబ్బు బాధితులకు వెళ్ళింది. 2016లో మధ్య ఇటలీలో భూమి కంపించింది, లాఫెరారీ 499 కాస్తా 500 అయింది, 70 లక్షల డాలర్లు. 2017లో లాఫెరారీ అపెర్టా 209 కాస్తా 210 అయింది, సేవ్ ద చిల్డ్రన్ సంస్థకు 83 లక్షల యూరోలు. ఆ ఏడాది ఉపద్రవం కూడా అక్కర్లేదు, కంపెనీకి 70 ఏళ్ళు నిండాయి.

రైతుబజారులో కిలో వంకాయలు తూచాక రెండు కాయలు కొసరు వేస్తారు. కొసరుకు డబ్బు అడిగితే బజారంతా నవ్వుతుంది. డేటోనా కొసరు మాత్రం 2 కోట్ల 60 లక్షల డాలర్లు పలికింది. అసలు కంటే పది రెట్ల పైమాటే. అంతకుముందు కొత్త కారుకు ఏ వేలంలోనూ అంత ధర రాలేదు.

ఆ కారును కూడా కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. పసుపూ నలుపూ కలిసిన ఒళ్ళు. దాని మీద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఫెరారీ అని పెద్దపెద్ద అక్షరాలు. లోపల ‘599+1’ అని ఒక రేకు. మా ఊరి హైస్కూలు ఎనిమిదో తరగతి గదిలో ఇలాంటిదే ఒక ఫ్యాను ఉండేది. ఒక రెక్క మీద దాత పేరు, రెండో రెక్క మీద ఆయన తండ్రి పేరు, మూడో దాని మీద ఇంటిపేరూ ఊరూ. ఫ్యాను తిరిగినంతసేపూ ఒక్క అక్షరం కనపడేది కాదు. కరెంటు పోతేనే దాత గుర్తొచ్చేవాడు. ఇలాంటి కార్లు కొన్నవాళ్ళు వాటిని ఎందుకు నడపరో నాకు ఆ ఫ్యాను వల్లే అర్థమైంది.

పూర్వం దాతలకు ఇవేవీ తెలియవు. 1919లో లండన్‌లో, సేవ్ ద చిల్డ్రన్ పెట్టినవాళ్ళలో ఒకరైన ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ, ఆకలితో ఎముకలు తేలిన ఆస్ట్రియా పిల్లల ఫొటోలతో కరపత్రాలు పంచిందని కేసు పెట్టి, 5 పౌన్ల జరిమానా వేశారు. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ లాయరే ఆ 5 పౌన్లు తన జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. సేవ్ ద చిల్డ్రన్‌కు అదే మొదటి చందా అంటారు. పాపం అమాయకుడు. రేకు లేదు, నంబరు లేదు, వేలం లేదు. ఇచ్చాడు, కోటు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళ వల్లే దానధర్మాలు ఒక పరిశ్రమగా ఎదగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సునామీ కారు సంగతికొస్తే, అది 2015లో మళ్ళీ వేలానికొచ్చింది. పదేళ్ళలో 200 కిలోమీటర్లు కూడా తిరగలేదు. అంటే హైదరాబాద్‌లో బయల్దేరితే విజయవాడ చేరకుండానే ఆగిపోయినట్టు. ఈసారి 60 లక్షల డాలర్లు దాటింది. రెండోసారి అమ్మకానికి సునామీతో పని లేదు, డబ్బు అమ్మినవాడిది.

ఫెరారీ కొత్త కారు ఎఫ్80 గురించి మొన్న చదివాను. ఎన్ని చేస్తారా అని వెతికితే 799 అని ఉంది. కాసేపు ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. మా హైస్కూలు ప్రహరీగోడ ఒక పక్క పడిపోయి నాలుగేళ్ళయింది. కానీ అంత చిన్న ఉపద్రవాన్ని వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారో లేదో.