తెల్ల కవరు గారికి, ఐదు ఓట్ల ఇంటి నుంచి

మహారాజరాజశ్రీ ఎన్నికల కవరు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. చెక్‌పోస్టులనూ తనిఖీ బృందాలనూ దాటుకుని తమరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా పట్టుబడిన నగదు, మద్యం, మత్తుపదార్థాలు, బంగారం వగైరాల విలువ సుమారు 3,475 కోట్ల రూపాయలని లెక్క తేలినప్పుడు, ఆ కుప్పలో మీ బంధువర్గం ఎంతమంది చిక్కుకున్నారోనని కాస్త దిగులుపడ్డాను. అదే ఏడాది ఏప్రిల్‌లో మీ మూలంగా తమిళనాడులోని వెల్లూరు లోక్‌సభ స్థానానికి పోలింగే రద్దయి, చివరకు ఆగస్టులో జరిగిందని చదివి, ఇక మీరు మా వైపు రారేమోనని కూడా అనుకున్నాను. నా అనుమానం ఎంత పిచ్చిదో 2024 మే 12వ తేదీ రాత్రి తెలిసింది.

ఆ రాత్రి మీరు మా ఇంటికి వచ్చిన తీరు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. పదకొండు దాటాక గేటు గొళ్లెం చప్పుడైంది. సెల్‌ఫోను వెలుగులో ఓటర్ల జాబితా పట్టుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఒక కుర్రవాడు, "బాబాయ్ గారూ, మీవి ఐదు కదండీ" అన్నాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. అబ్బాయీ కోడలూ బెంగళూరులో ఉన్నారు, పోలింగుకు రావడం లేదని సాయంత్రమే ఫోను చేశారు. మా అమ్మగారు కాలం చేసి మూడేళ్లయింది గానీ, జాబితాలో మాత్రం ఆవిడ ఇప్పటికీ ఫొటోతో సహా నిక్షేపంగా ఉన్నారు. "మామ్మగారిని బూతుకు ఎలా తీసుకొస్తారండీ, ఆటో పంపమంటారా?" అని ఆ కుర్రవాడు ఎంతో మర్యాదగా అడిగాడు. మా ఆవిడ నా వంక చూసింది. నేను గోడ మీద దండ వేసి ఉన్న పటం వంక చూశాను. "ఎందుకులే బాబూ, మేమే తీసుకొస్తాం" అన్నాను. అతను ఐదు పేర్ల పక్కన ఐదు టిక్కులు పెట్టుకుని, మిమ్మల్ని ఐదుగురినీ నా చేతిలో పెట్టి, చెప్పులు చప్పుడు కాకుండా పక్కింటికి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరిలో ఐదు వందల రూపాయల నోట్లు నాలుగు, గుర్తు ముద్రించిన ఒక చీటీ. అరగంట తరువాత అవతలి పక్షం వారి కవర్లు కూడా వచ్చాయి. అవి కాస్త పలుచన, పదిహేను వందలే. వాటినీ కాదనలేదు, ఎందుకంటే మర్యాద అందరికీ ఒకటే.

ఆనాడు ఉదయమే నేను వాకింగులో, ఈ దేశం బాగుపడదని, నాయకులంతా దొంగలని అరగంట సేపు ఉపన్యసించిన సంగతిని ఇక్కడ విన్నవించుకోవడం నా విధి.

మీ గురించి మా వీధిలో ఒక సిద్ధాంతం ఉంది. ఓటు రహస్యం కాబట్టి ఇద్దరి దగ్గరా పుచ్చుకుని మనసుకు నచ్చినవారికి వేస్తే అమ్ముకున్నట్టు కాదనీ, అసలు అది మన సొమ్మే కనుక మన సొమ్ము మనకు వచ్చినట్టేననీ ఆ సిద్ధాంతం చెబుతుంది. చట్టానికి మాత్రం ఇంత సూక్ష్మదృష్టి లేదు. అప్పటి భారత శిక్షాస్మృతి 171-బి అయినా, 2024 జూలై నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షను అయినా, ఇచ్చినవారితో పాటు పుచ్చుకున్నవారిని కూడా నేరస్థులుగానే చూస్తాయి, ఆ నేరానికి ఏడాది దాకా జైలు అని ఆ చట్టాలు అంటాయి. మా వీధి వీధంతా జైలుకు వెళ్తే మాకు అన్నం ఎవరు పెడతారన్న ధీమాతో మేము నిశ్చింతగా ఉన్నాం.

ఈ సిద్ధాంతాన్ని నేనూ నమ్మాను. ఆ తరువాతి వర్షాకాలంలో మా వీధి కాలువ పొంగి, మోకాటి లోతు మురుగు ఇళ్లలోకి వచ్చేదాకా నమ్మాను. మూడో నాడు గెలిచిన వారు పరామర్శకు వచ్చారు. కాలువకు బిల్లు ఎప్పుడు అయింది, పూడిక ఎవరు తీశారు, తీస్తే ఆ మట్టి ఎక్కడ పోశారు అని అడగవలసిన ప్రశ్నలను కాగితం మీద రాసుకుని మరీ, పంచె ఎగగట్టుకుని ఆ నీళ్లలో ముందుకు నడిచాను. ఆయనకు గొడుగు పట్టుకుని నిలబడ్డది ఆ రాత్రి వచ్చిన కుర్రవాడే. నన్ను గుర్తుపట్టాడు. కల్మషం లేని నవ్వు నవ్వుతూ, "మామ్మగారు బాగున్నారా బాబాయ్ గారూ?" అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బాగున్నారు బాబూ అని చెప్పి వెనక్కి వచ్చేశాను. ఓటు నాదగ్గరే భద్రంగా ఉంది కవరు గారూ, మీరు పట్టుకుపోయింది నోటిని.

మీ వెల కూడా ఆ నీళ్లు ఎత్తిపోసుకుంటూనే లెక్కవేశాను. రెండు వేల రూపాయలను ఐదేళ్లలోని 1,826 రోజులకు పంచితే రోజుకు రూపాయీ పది పైసలు. మీకు చెల్లించినవారి లెక్క ఇంకా రుచికరంగా ఉంటుంది. అసెంబ్లీ అభ్యర్థి మా వంటి రాష్ట్రంలో 40 లక్షలకు మించి ఖర్చు చేయరాదు. రెండు లక్షల మంది ఓటర్లున్న నియోజకవర్గంలో ఆ మొత్తాన్ని తలా పంచితే ఇరవై రూపాయలు వస్తుంది, అది కూడా జెండాలూ జీపులూ మైకులూ అన్నీ మానేస్తేనే. తలకు రెండు వేలు పంచినవారు, ఫలితాలు వచ్చిన 30 రోజులలోగా పరిమితి దాటని ఖర్చుల పట్టికను దాఖలు చేస్తారు. ఆ పట్టిక అబద్ధమని కవరు అందిన ప్రతి ఇంటికీ తెలుసు. లక్షల సాక్షులున్న నేరంలో ఒక్క సాక్ష్యమూ దొరకకపోవడం మన దేశానికే దక్కిన విశేషం.

అన్నట్టు, అభ్యర్థి తన ఆస్తులూ కేసులూ అఫిడవిట్‌లో చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని తామే సంతకం పెట్టి చెప్పుకున్నారు. కేసు ఉన్నంత మాత్రాన దోషి కాదు, నిజమే. ఆ పత్రాన్ని తెరిచి, ఏ కేసో చూసి, అప్పుడు ఓటు వేసినవారు మా వాకింగు బృందంలో ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాను. మీ మందం చూసినవారే కనిపించారు.

ఇక మా మిత్రులకు మీ మీద ఉన్న ఒకే ఒక ఫిర్యాదు, మీరు పేదలను చెడగొడుతున్నారని. "వాళ్లు అమ్ముకోబట్టే కదండీ" అని బాధపడే పెద్దమనిషి అపార్టుమెంటుకు, ఓట్లన్నీ గంపగుత్తగా వేస్తామన్న మాట మీద, సీసీ కెమెరాలూ బోరు మోటారూ వచ్చాయి. వాటిని కవరులో పెట్టడం కుదరదు గనుక అభివృద్ధి అంటారు. కూలికి వెళ్లే మనిషి మిమ్మల్ని పుచ్చుకుంటే దాన్ని నేను తూకం వేయలేను, ఆ ఇంటికి మీరు నాలుగు రోజుల బియ్యం. మా ఇంటికి మీరు దేనికి వచ్చారో నాకే తెలియదు. పైగా మీరు బయలుదేరిన జేబుకు వడ్డీతో సహా తిరిగి చేరుకోవాలి కదా. ఆ దారి పలుచబడిన తారు రోడ్డు మీదుగా, హాస్టలు పప్పుగిన్నె మీదుగా, మందులు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీదుగా పోతుంది. మా మనవడు ప్రైవేటు బడిలో చదువుతాడు, మాకు ఇన్వర్టరూ నీళ్ల ఫిల్టరూ ఉన్నాయి కాబట్టి ఆ దారిలో మేము మీకు ఎదురుపడం. 2019-21 నాటి సర్వే ఆధారంగా నీతి ఆయోగ్ వేసిన లెక్కలో, పోషణ, చదువు, తాగునీరు వంటివి కరవైన బహుముఖ పేదరికంలో ఉన్నవారు దాదాపు 15 శాతం, అంటే సుమారు ఏడుగురిలో ఒకరు. నేను పుచ్చుకున్న ఐదు కవర్ల బాకీని తీరుస్తున్నది ఆ ఏడో మనిషి.

2021 అక్టోబరులో పక్క రాష్ట్రంలోని హుజూరాబాద్ ఉపఎన్నిక సమయంలో, తమకు కవర్లు అందలేదని కొన్ని గ్రామాల ఓటర్లు రోడ్డెక్కారు. అది చదివి మేమంతా నవ్వుకున్నాం. నవ్వే అర్హత మాకు బొత్తిగా లేదు, ఎందుకంటే వాళ్లు బాహాటంగా అడిగారు, మేము గేటు దగ్గర లైటు ఆర్పి అడిగాం. మురుగు కాలువ కోసమైతే మా వీధి ఇంతవరకు ఎక్కడా కూర్చోలేదు.

ఆ గొడుగు నాటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టక, అమ్మగారి పేరు తొలగించమని ఫారం 7 తెచ్చి, నింపి, మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేసి భోజనాల బల్ల మీద పెట్టాను. అది అక్కడే ఉంది. నిన్న దాని మీద దుమ్ము తుడుస్తూ మా ఆవిడ, "అత్తయ్యగారి పేరు తీయించాలంటే తీయిద్దాం లెండి, అంత తొందరేముంది, ఈ ఒక్క ఎన్నికా వెళ్లనివ్వండి" అంది. నేను ఏమీ మాట్లాడలేదు. గేటు గొళ్లెం ఈ మధ్య గట్టిగా చప్పుడు చేస్తోందని, నూనె వేయించమని కూడా చెప్పింది.

ఇట్లు,
తమ విధేయుడు,
జాబితాలో ఐదుగురున్న ఇంటి యజమాని