గడియ గారూ, మీ తప్పేమీ లేదు

మహారాజశ్రీ పసుపు గది తలుపు గడియ గారికి,
మకాం: గ్లాండియే కోట, ఎపినే-సుర్-ఓర్జ్, పారిస్ దగ్గర.

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తున్నామని రాయాలి గానీ, 1892 అక్టోబరు 24 అర్ధరాత్రి దాటాక నలుగురు కలిసి మీ తలుపు పగలగొట్టిన సంగతి ఫ్రెంచి రచయిత గాస్టన్ లెరూ 1907లోనే ‘పసుపు గది రహస్యం’ నవలను సీరియల్‌గా రాసి ఊరంతా చాటాడు. కాబట్టి ఆ మాట వదిలేసి పనిలోకి వస్తున్నాం. ఈ ఉత్తరాన్ని ఇంకెవరైనా పక్కనుంచి తొంగిచూసి చదువుతుంటే, వాళ్లు నవల చదవకపోతే, ఇక్కడే కళ్లు మూసుకోవాలి. కింద గుట్టంతా విప్పేస్తున్నాం.

ఆ రాత్రి మీరు చేసిందేమిటి? శాస్త్రవేత్త అయిన తండ్రితో కలిసి ప్రయోగశాలలో పని ముగించుకుని, పన్నెండు గంటలకు మతిల్ద్ స్టాంగర్సన్ పక్కనే ఉన్న తన గదిలోకి వెళ్లింది. తాళం తిప్పింది, మిమ్మల్ని వేసింది. ఆ చప్పుడు బయటున్న ముసలి నౌకరు జాక్ చెవిన పడింది. పన్నెండున్నరకు లోపల్నుంచి కేకలు, తుపాకీ మోత, సామాన్లు పడ్డ చప్పుడు. కిటికీకి ఇనుప ఊచలు, రెక్కలు లోపల్నుంచి బిగించినవి. రహస్య మార్గం లేదు. తలుపు పగిలాక చూస్తే మెడ మీద గోళ్ల గుర్తులతో, కణత మీద గాయంతో నేలమీద ఆ అమ్మాయి. గోడమీద నెత్తుటి చెయ్యి. ఒక చేతిరుమాలు, ఒక పాత బెరే టోపీ, ఒక గొర్రె ఎముక, జాక్‌దే అయిన పిస్తోలు. మనిషి మాత్రం లేడు.

అంతే, లోకం మిమ్మల్ని అనుమానించింది. మీ కులంవాళ్ల చరిత్ర అలాంటిది మరి. తాళంచెవి కొస అవతలివైపు కాస్త పొడుచుకొస్తే చాలు, సన్నటి పట్టకారుతో బయట్నుంచే తిప్పేస్తారు. అయితే చెవి కొసన గీతలు పడతాయి, భూతద్దం పెడితే దొరికిపోతారు. గడియ పిడికి దారం చుట్టి, గుండుసూది మీదుగా తిప్పి, తలుపు కింది సందులోంచి లాగుతారు. గడియ తుప్పు పట్టినదైతే సగంలోనే దారం తెగుతుంది, తెగిన ముక్క లోపలే సాక్ష్యంగా మిగులుతుంది. బందుల మరలు విప్పి మళ్లీ బిగించేవాళ్లకు మరల తలల మీది కొత్త మెరుపు శత్రువు. ఇవేవీ చేతగానివాడు తలుపు పగలగానే ముందుగా లోపలికి దూరి, అప్పుడు పని కానిచ్చి, ‘అయ్యో, అప్పటికే జరిగిపోయింది’ అంటాడు. ఇంగ్లీషు రచయిత జాంగ్విల్ వాడిన ఉపాయం అదే. 1841లో ఎడ్గర్ అలన్ పో తన కథలో విరిగిన మేకుతో కిటికీని మోసం చేయించాడు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన డాయిల్ గాలి కోసం పెట్టిన కంతలోంచి పామునే దింపాడు. లెరూకు ఇవన్నీ తెలుసు. తెలిసే మీ గదికి ఒక్క సందు కూడా ఉంచలేదు. మీరు లంచం పుచ్చుకోని గుమస్తా లాంటివారు. ఆఫీసులో డబ్బు పోతే ముందు అనుమానించేది అలాంటివాణ్నే కదా!

అసలు మతలబు మీ పేరులోనే ఉంది. ఫ్రెంచి వాళ్లకు ఆ అదృష్టం లేదు. మన భాషలో గడియ అంటే తలుపుకు వేసేది, కాలాన్ని కొలిచేదీనూ, ఇరవై నాలుగు నిమిషాలు. అందరూ మొదటి గడియను పట్టుకు వేళ్లాడారు. ఈ చిక్కు విప్పిన కుర్ర విలేఖరి రూలెతాబీయ్ రెండోది పట్టుకున్నాడు. దాడి జరిగింది రాత్రి కాదు, సాయంత్రం. వచ్చినవాడు గొంతు పట్టుకున్నాడు, మతిల్ద్ పేల్చిన తూటాకు చేతికి దెబ్బ తగిలి, ఆ చేతి ముద్ర గోడకు అంటించి, తలుపులు మామూలుగా తెరిచున్న వేళ మామూలు మనిషిలా వెళ్లిపోయాడు. తన పాత పెళ్లి గుట్టు తండ్రికి తెలియకూడదని ఆమె గుర్తులు దాచుకుని, ఏమీ జరగనట్టే పనిచేసి, రాత్రి మిమ్మల్ని వేసుకుని పడుకుంది. పీడకల వచ్చింది. కేక పెట్టింది, పిస్తోలు పేల్చింది, పడిపోతూ బల్ల పాలరాతి అంచుకు కణత కొట్టుకుంది. జాక్ విన్న రెండు చప్పుళ్లలో ఒకటి మొద్దుగా ఉంది, ఎందుకంటే అది తుపాకీ కాదు, బల్ల పడ్డ చప్పుడు. సాయంత్రం ఆరింటి నుంచి లెక్కేసినా అర్ధరాత్రి పన్నెండున్నరకు పదహారు గడియలు దాటాయి. ఆ పదహారింటినీ ఎవరూ లెక్కపెట్టలేదు. పదిహేడోదైన మీ మీద మాత్రం పడ్డారు.

ఇందులో మాకు రెండు ఫిర్యాదులున్నాయి. అన్ని గంటలు పక్కనే కూర్చున్న తండ్రి కూతురి మొహంలో మార్పు గమనించలేదంటే, పదార్థం విడిపోవడం మీద ఆయన చేసే పరిశోధన ఎంత గాఢమైనదో ఊహించుకోవాలి. ఇక విచారణకు వచ్చిన న్యాయాధికారి మార్కే గారు మారుపేరుతో నాటకాలు రాస్తాడు. ఆయనకు నేరం తేలడం కన్నా రెండో అంకం రక్తి కట్టడం ముఖ్యం.

మీ తర్వాత కోటలో నడవా కూడా పరువు పోగొట్టుకుంది. దుండగుణ్ని తరుముతూ రూలెతాబీయ్, మతిల్ద్ తండ్రి స్టాంగర్సన్, జాక్, డిటెక్టివ్ లార్సాన్ వేర్వేరు దిక్కులనుంచి ఒకేచోట ఢీకొన్నారు, మధ్యలో ఎవరూ లేరు. పరమానందయ్య శిష్యులు వాగు దాటాక ఎవరికి వారు తమను లెక్కపెట్టుకోవడం మరిచారు. వీళ్లు లార్సాన్‌ను లెక్కపెట్టారు గానీ, రెండుసార్లు లెక్కపెట్టాలని తోచలేదు. తరిమినవాడూ వాడే, పారిపోయినవాడూ వాడే. అసలు పేరు బాల్‌మేయర్, మతిల్ద్ దాచిన పాత పెళ్లి వీడితోనే. ఈ సంగతి తెలిసి కూడా పద్దెనిమిదేళ్ల మన విలేఖరి వెర్సాయ్ కోర్టులో సాయంత్రం ఆరున్నర దాకా పేరు చెప్పనని భీష్మించాడు. నేరస్థుడు తప్పించుకోవడానికి అన్నమాట. ఆ కుర్రాడికీ సొంత పేరు నిలవలేదు. సీరియల్‌లో వాడు బ్వాతాబీయ్. ఆ మారుపేరుతో రాసే పాత్రికేయుడొకరు అభ్యంతరం చెబితే మార్చారు.

సినిమావాళ్లు మిమ్మల్ని 1913 నుంచీ వదల్లేదు. 1930లో మార్సెల్ లెర్బియే మాటల సినిమా తీశాడు. 2003లో బ్రూనో పొదాలిదెస్ తీసినప్పుడు పద్దెనిమిదేళ్ల విలేఖరిగా నలభై ఏళ్ల తమ్ముడు దెని వేశాడు. మా కంటికి అది లోపం కాదు, ఆ నిదానం పాత్రకు నప్పింది. చిక్కు వేరే చోట ఉంది. పుస్తకంలో ఆ రాత్రి మొదట మనకు తెలిసేది పత్రికలో వచ్చిన జాక్ వాంగ్మూలంగా. విన్నది విన్నట్టు నమ్మేస్తాం. తెరమీద వినడం చాలదు, చూపించాలి. పైగా లార్సాన్‌గా పియేర్ అర్దితి అంతటి పేరున్న నటుడు కనబడగానే, ఇంత పెద్దవాడు ఊరికే డిటెక్టివ్ వేషం కట్టడు అని వెనక బెంచీవాడు పక్కవాడి చెవిలో ఊదేస్తాడు. ఆ గొణుగుడుకు మీరు అడ్డం పడలేరు, పాపం.

మూసిన గదుల కథలకు పేరుపడ్డ రచయిత జాన్ డిక్సన్ కార్ 1935లో తన నవలలోని డిటెక్టివ్ డాక్టర్ ఫెల్ చేత మీ కథను డిటెక్టివ్ కథలన్నిటిలోకి మేటి అనిపించాడు. మీకు ఈ మాట ఎవరూ చేరవేసి ఉండరని రాస్తున్నాం.

ఇట్లు,
పన్నెండున్నర దాకా మిమ్మల్నే చూస్తూ కూర్చున్న పాఠకులు.

తా.క.: గొర్రె ఎముకకు విడిగా రాస్తాం. కణతమీది గాయం తనదేనని ఇప్పటికీ చెప్పుకుని తిరుగుతోందట.