ఆడినవాడే ఆడించాలా?

1994 జూలై 17. అమెరికాలోని పసడీనాలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. బ్రెజిల్, ఇటలీ రెండు గంటలు పోరాడినా ఒక్క గోలూ పడలేదు. పెనాల్టీల్లో 3-2తో బ్రెజిల్ గెలిచింది. ఇటలీ ఆటగాడు రాబర్టో బజ్జో కొట్టిన బంతి బార్ మీదుగా వెళ్లిపోవడం చూసినవాళ్లకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఆ రోజు గీత అవతల నిలబడ్డ ఇద్దరు కోచ్‌ల సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. బ్రెజిల్‌ను నడిపిన కార్లోస్ అల్బెర్టో పరేరా వ్యాయామ శిక్షకుడిగా ఈ రంగంలోకి వచ్చారు. ఇటలీ కోచ్ అరిగో సాకీ తన తండ్రి ఫ్యాక్టరీలో తయారైన బూట్లు అమ్మినవారు. ఇద్దరిలో ఎవరూ వృత్తి ఫుట్‌బాల్ ఆడలేదు.

అయినా పెద్ద జట్టుకు కోచ్‌ను వెతికే ప్రతిసారీ అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ ఆడాడు?’ అనేదే. ఈ ప్రశ్నే తప్పని మా అభిప్రాయం. అడగాల్సింది ‘ఎవరిని, ఎన్నాళ్లు ఆడించాడు?’ అని.

సాకీనే చూడండి. ఇటలీలోని ఏసీ మిలాన్ క్లబ్‌కు కోచ్‌గా వచ్చినప్పుడు ఆయన అర్హతను ఇటలీ పత్రికలు నిలదీశాయి. జాకీ కావాలంటే ముందు గుర్రమై పుట్టాలని తనకు తెలియదని ఆయన బదులిచ్చారు. అసలు జవాబు శిక్షణ మైదానంలో దొరికింది. క్రమం తప్పని ఐదుగురు చెల్లాచెదురుగా ఆడే పదిమందిని ఆపగలరని జట్టులోని స్టార్ ఆటగాళ్లు గులిట్, వాన్ బాస్టెన్‌లకు ఆయన చూపించాలనుకున్నారు. గోల్‌కీపర్ గాలీకి తోడు డిఫెండర్లు బరేసీ, మాల్దీని, తసోటీ, కోస్టకూర్తా ఒక పక్క. ఆ ఇద్దరితో కలిపి పదిమంది ఇంకో పక్క. గడువు పావుగంట. బంతి పోతే మళ్లీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు పెట్టినా పదిమంది ఒక్క గోలూ చేయలేకపోయారని ఆ తర్వాత సాకీ చెప్పారు. ఆ జట్టే 1989, 1990లలో యూరప్ క్లబ్‌ల అత్యున్నత పోటీ యూరోపియన్ కప్ గెలిచింది.

అయితే సాకీ నిన్న బూట్లమ్మి నేడు మిలాన్‌లో కూర్చున్నవారు కాదు. సొంతూరు ఫుసిన్యానోలోని చిన్న జట్టుతో మొదలుపెట్టి, కుర్రాళ్ల జట్లు, రిమిని, పార్మా క్లబ్‌లు దాటుకుంటూ మెట్టుమెట్టుగా ఎక్కారు. ఆయన్ను నిలబెట్టింది ఆ ఏళ్ల చాకిరీయే. అది లేకుండా పేరొక్కటే పట్టుకుని దిగితే ఏమవుతుందో స్పెయిన్‌లోని వలెన్సియా క్లబ్ చూసింది. మాంచెస్టర్ యునైటెడ్‌లో ఎన్నో ట్రోఫీలు గెలిచిన గ్యారీ నెవిల్‌కు 2015 డిసెంబరులో పగ్గాలిచ్చింది. అంతకుముందు ఆయన ఏ క్లబ్‌కూ ప్రధాన కోచ్‌గా పనిచేయలేదు. బార్సిలోనా చేతిలో 7-0 ఓటమి, నాలుగు నెలలు తిరక్కముందే ఉద్వాసన. ఆయన ఆట తెలియనివారని ఎవరూ అనలేరు. తెలిసిన ఆటను ఇరవై మందికి, అదీ పరాయి భాషలో, ఎక్కించడం వేరే విద్య. గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ కూడా అయ్యాడంటూ ఇక్కడ చాలామంది ఫ్రాన్స్ దిగ్గజం జిదాన్‌ను చూపిస్తారు. కానీ రియల్ మాడ్రిడ్ ప్రధాన కోచ్ కాకముందు ఆయన కూడా అక్కడి కోచ్ ఆన్చెలోటికి సహాయకుడిగా, ఆ తర్వాత రిజర్వ్ జట్టు కోచ్‌గా పనిచేశారు.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు ఒకరుండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం. కాలేజీ రోజుల్లో ఆడినా, దేశానికి ఆడిన ఆటగాడు కాదు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు, అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే బంతి కొట్టాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని ఎవరికీ ఇవ్వకుండా కాలితో తానే నడుపుకుంటూ పోవడం) చేయకూడని పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం పిల్లాడు ఎడమకాలితో తడబడుతూ ఆడుతుంటే చూసేవాళ్లకు వింతే. బంతిని పక్కవాడికి అందించడం ఆ పిల్లాడికి అలా అలవడింది. ఇది తరగతి గదిలో రాటుదేలిన బుర్రకు తట్టే ఆలోచన.

ఆయన కోచ్‌గా భారత్ 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సర్ ఆయన్ను తినేస్తోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం ఆయన్ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఆ జట్టులో మన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

రేపు అలాంటి పంతులు ఒకరు జిల్లా జట్టు కోచ్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఆడిన టోర్నీల సర్టిఫికెట్లు లేవని తిప్పి పంపకూడదు. మైదానంలోకి పిలిచి, ముక్కూ మొహం తెలియని ఇరవై మంది పిల్లల్ని అప్పగించి, గంటసేపు నేర్పమనండి. పేరున్న మాజీ ఆటగాడు వచ్చినా అదే పరీక్ష పెట్టండి. కోచింగ్ లైసెన్స్ కోర్సులకయ్యే ఖర్చును బడుల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయులకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ భరించాలి. కోర్సు జరిగే రోజుల్లో సెలవు పెట్టాల్సిన అవసరం లేకుండా ఆన్ డ్యూటీ ఇవ్వాలి.