రామప్ప దగ్గరే ఆగిపోతే ఎలా?

2021 జూలైలో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అదే తొలి గుర్తింపు మరి. కానీ అప్పటి నుంచి కాకతీయుల కట్టడాలంటే రామప్ప ఒక్కటే అన్నట్టు తయారైంది. నా బాధంతా అక్కడే.

రామప్ప గొప్పదనంలో సందేహమేం లేదు. చూరు కింద ఏటవాలుగా నిలబడిన నల్లరాతి మదనికలను, అంటే నాట్యభంగిమల్లో ఉన్న ఆడవాళ్ల శిల్పాలను, కాసేపు తలెత్తి చూడండి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కనిపిస్తాయి. లోపల గర్భగుడి ముందు పొన్నచెట్టు మీద కృష్ణుడి శిల్పాన్ని వేలితో మీటితే రాయి కాస్తా లోహంలా మోగుతుంది. మండపంలో నేల అక్కడక్కడా అలలా కుంగింది, దూలాలు బీటలిచ్చాయి. అయినా గుడి నిలిచే ఉంది. పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద ఇంత రాతి బరువు నిలబెట్టారు. నేల కదిలితే ఆ ఇసుక సర్దుకుంటుంది. పైన బరువు తగ్గాలని శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు.

అయితే 1213లో పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది గుడి ఒక్కటే కాదు, పక్కనే అంత పెద్ద చెరువు కూడా. ఊరు, గుడి, చెరువు కాకతీయులకు ఒకే పని. రామప్ప చెరువు కింద ఈనాటికీ పొలాలు పారుతున్నాయి. గుడి గోడలను కాపాడుతూ చెరువు కట్టనూ, నీళ్లు నిలిచే శిఖం భూమినీ గాలికొదిలేస్తే సగం కట్టడాన్ని వదులుకున్నట్టే.

ఇంకాస్త దూరం వెళ్తే గణపురం కోటగుళ్లు. ఒకే ప్రాకారంలో ఇరవైకి పైగా గుళ్లు, ఊరి పక్కన గణపసముద్రం. ఏనుగు మీద సింహం, ఆ సింహానికి కొన్నిచోట్ల మనిషి మొహం. ఆ గజకేసరి శిల్పాల పనితనం మదనికలకు ఏమాత్రం తీసిపోదు. రామప్పకు వచ్చిన బస్సుల్లో ఎన్ని ఇక్కడిదాకా వస్తున్నాయి?

మరమ్మతుల సంగతి మరీ కలవరపెడుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడిది 1163 నాటి కట్టడం. దాని కల్యాణ మండపాన్ని బాగుచేద్దామని విప్పితే, మళ్లీ జనం అందులో అడుగుపెట్టింది 2024 మార్చిలో. మధ్యలో పదిహేనేళ్లకు పైనే గడిచిపోయాయి. రామప్ప పక్కనున్న కామేశ్వరాలయం కూడా విప్పాక ఏళ్ల తరబడి రాళ్ల కుప్పగానే ఉండిపోయింది. విప్పడం తేలికే. ఏ రాయి ఎక్కడిదో గుర్తుపట్టి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే చేతులు కావాలి. ఆ చేతులు తగ్గిపోతున్నాయి.

అందుకే రాతిపని తెలిసిన కుటుంబాల పిల్లలకు ఏడాది పొడవునా పని దొరకాలి. కాంట్రాక్టు వచ్చినప్పుడు పిలిచి, అయిపోగానే పంపేస్తే ఎవరు నేర్చుకుంటారు? రాయి కదిలించే ముందే ప్రతిదానికీ నంబరు, ఫొటో, కొలత తీసి అందరికీ కనిపించేలా పెట్టాలి.

ఓరుగల్లు కోటలో నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలోకీ ఎక్కాయి. వాటి మధ్య స్వయంభూ దేవుడి గుడి మాత్రం ముక్కలై నేల మీద పడి ఉంది. విరిగిన స్తంభాలు, తామర మొగ్గలు, హంసల వరసలు చెక్కిన రాళ్లు ఎండకూ వానకూ ఆరుబయటే ఉన్నాయి. ఆ నంబర్లు వేసే పని అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.